టోక్యో బొమ్మల కథల అంగళ్ళు - మన పులి మేక

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

విదేశానికి పోయి వచ్చినవాళ్ళను మనవాళ్ళు అడిగే ప్రశ్నలు సాధారణంగా నాలుగే. జీతమెంత? చలి ఎట్లుంటుంది? అన్నం దొరుకుతుందా? ఏమేం చూసొచ్చావు? ఈ నాలుగో ప్రశ్నకు జవాబుగా గోపురాలు, వంతెనలు, ఎత్తైన మేడలు, వేగంగా పోయే రైళ్ళ ఫొటోలు బయటికి వస్తాయి. ఇవన్నీ చూడదగ్గవే. అయితే ఒక జాతి తీరిక వేళల్లో ఏం చదువుకుంటుంది, ఏం ఆడుకుంటుంది అన్నది తెలియాలంటే ఆ నగరంలో బొమ్మల కథల పుస్తకాలు అమ్మే అంగళ్ళు, బల్ల మీద ఆడే ఆటలు అమ్మే అంగళ్ళు చూడాలి. టోక్యో నగరంలో అటువంటి అంగళ్ళు ఎట్లా పుట్టాయి, ఎట్లా నడుస్తున్నాయి, వాటినుంచి మనం నేర్చుకోదగ్గది ఏమన్నా ఉందా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

బి.యస్సీ. చదివే రైతుబిడ్డకు టోక్యో అంగళ్ళతో ఏం పని అని పాఠకులకు సందేహం కలగవచ్చు. దానికి సమాధానం శ్రీసిటీ. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల మధ్య ఈ పారిశ్రామిక నగరం మొదలైంది. అప్పుడది చిత్తూరు జిల్లా. 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇసుజు, కొబెల్కో, డైకిన్ వంటి జపాను కంపెనీలు అక్కడ ఫ్యాక్టరీలు పెట్టాయి. ఒకప్పుడు వేరుశనగ, వరి పండించిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు పొద్దున్నే బస్సెక్కి షిఫ్టుకు పోతున్నారు. మా పెదనాన్న కొడుకు కూడా అట్లా పోయినవాడే. డిప్లొమా చదివి అక్కడొక కంపెనీలో చేరాడు. వాళ్ళు ఆర్నెల్లు శిక్షణకని జపాను పంపించారు. ఆదివారం సెలవు. చేతిలో రైలు కార్డు. ఆ ఆదివారాల్లో ఆయన తిరిగిన చోట్లు ఫోనులో నాకు చూపిస్తూ వచ్చాడు.

"ఏందన్నా, అంత దూరం పోయి పిల్లోళ్ళ బొమ్మల పుస్తకాలు చూస్తాండావు?" అని నేనొకసారి నవ్వితే, "ఒరే, ఈడ నిలబడి చదవతాండేది పిల్లోళ్ళు గాదురా, టై కట్టుకున్న ఆఫీసర్లు" అన్నాడు. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. ఆ తర్వాత దొరికినంతలో ఈ విషయం చదివాను. అన్న చూసింది, నేను చదివింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఒకే ఏడు పుట్టిన రెండు

జపాను బొమ్మల కథలను మాంగా అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయి, నగరాలు కాలి బూడిదైన దేశంలో చౌకగా దొరికే వినోదం పుస్తకమే. ఒసాకా నగరంలో నాసిరకం కాగితం మీద, ఎర్ర అట్టలతో, పిల్లలు కొనగలిగే ధరకు చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసేవారు. వాటిని ఎర్ర పుస్తకాలనే పిలిచేవారు. 1947లో అటువంటి పుస్తకంగానే ఒక వైద్య విద్యార్థి బొమ్మలు గీసిన 'కొత్త నిధి దీవి' వెలువడింది. ఆ విద్యార్థి పేరు ఒసాము తెజుకా. సినిమా చూస్తున్నట్టు బొమ్మ వెంట బొమ్మ కదిలిపోయే ఆ పద్ధతి దేశాన్ని ఊపేసింది. తర్వాత ఆయన వైద్య పట్టా పుచ్చుకున్నా బొమ్మలనే నమ్ముకున్నాడు. బుద్ధుని జీవితాన్ని 1972 నుంచి పదేళ్ళకు పైగా బొమ్మల కథగా గీశాడు. కపిలవస్తును, మగధను జపాను పిల్లలకు కళ్ళకు కట్టినట్టు చూపించిన పుస్తకం అది. 1989లో కన్నుమూశాడు.

అదే 1947లో, జూలై నెలలో, మద్రాసులో 'చందమామ' పుట్టిందని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మొదలుపెట్టిన ఆ పత్రిక తెలుగు, తమిళ భాషల్లో ఆరంభమై ఎన్నో భాషలకు పాకింది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యగార్ల బొమ్మలు చూడని ఇల్లు ఒకప్పుడు లేదు. అక్కడ ఎర్ర పుస్తకం, ఇక్కడ చందమామ ఒకే సంవత్సరంలో నడక మొదలుపెట్టాయి. ఇవాళ అక్కడి బొమ్మల కథకు అంతస్తులకు అంతస్తుల అంగళ్ళున్నాయి. మన చందమామ 2013 నాటికి ఆగిపోయింది. ఇంత తేడా ఎందుకు వచ్చింది?

దీనికి ముఖ్యకారణం ఆ పుస్తకం చేతులు మారే ఏర్పాటు అని నాకు తోస్తుంది. యుద్ధానంతరం జపానులో వీధికొకటి అన్నట్టు అద్దె పుస్తకాల అంగళ్ళు వెలిశాయి. మన ఊళ్ళలో డిటెక్టివు నవలలు, వారపత్రికల సీరియళ్ళు అద్దెకిచ్చిన అంగళ్ళను మన అమ్మమ్మలు, మేనత్తలు ఇప్పటికీ తలుచుకుంటారు. సరిగ్గా అటువంటివే. తర్వాత వారపత్రికల యుగం వచ్చింది. 1968లో మొదలైన 'షోనెన్ జంప్' అనే పత్రిక 1994 చివరలో ఒక్క సంచికకు 65 లక్షల ప్రతులు దాటింది. ఈ పత్రికలు ఇటుకరాయంత మందంగా, రంగు కాగితం మీద చౌకగా అచ్చవుతాయి. రైల్లో చదివి పారేసినా బాధ లేదు. పాఠకులు పోస్టుకార్డు మీద తమకు నచ్చిన కథ పేరు రాసి పంపుతారు. నచ్చని కథ కొద్ది వారాల్లో ఆగిపోతుంది. నచ్చిన కథను మంచి కాగితం మీద చిన్న సంపుటాలుగా మళ్ళీ వేస్తారు. ఇంట్లో దాచుకొనేది ఆ సంపుటాలను. పిల్లలకొక రకం, కాలేజీవాళ్ళకొక రకం, ఆడవాళ్ళకు, ఉద్యోగస్తులకు వేరు వేరు రకాలు. వంట మీద, చేపలు పట్టడం మీద, వ్యవసాయ కళాశాల మీద కూడా బొమ్మల కథలున్నాయి. మన దగ్గర పిల్లవాడికి మీసాలు రాగానే బొమ్మల పుస్తకం చేతిలోంచి లాక్కుంటాం. అక్కడ పాఠకుడి వయసుతోబాటు పుస్తకమూ పెరుగుతుంది.

మూడు పేటలు

ఇక అంగళ్ళ సంగతి. టోక్యోలో వీటిని చూడదలచినవాడు ముఖ్యంగా మూడు పేటలు తిరగాలి.

మొదటిది జింబోచో. ఇది పాత పుస్తకాల పేట. చుట్టుపక్కల కాలేజీలుండటం వల్ల పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలై, ఇప్పుడు నూరుకు పైగా పాత పుస్తకాల అంగళ్ళతో నిండి ఉంది. ఇక్కడ సైన్సు విద్యార్థులకు నచ్చే సంగతి ఒకటుంది. పెద్ద రోడ్డుకు దక్షిణం వైపునే ఎక్కువ అంగళ్ళు ఉంటాయి. వాటి ముఖం ఉత్తరానికి. జపాను భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్నది కనుక సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపు నుంచే వెలుగునిస్తాడు. ఉత్తర ముఖంగా ఉన్న అంగడిలో ఎండ నేరుగా పడదు. కాగితం పచ్చబడదు, అట్ట వెలిసిపోదు. మనవాళ్ళు ఇంటికి వాస్తు చూస్తారు. వాళ్ళు పుస్తకానికి చూసుకున్నారు.

రెండోది నకానో. అక్కడ 1966లో కట్టిన బ్రాడ్వే అనే భవనం ఉంది. కింద అంగళ్ళు, పైన కాపురాలు. 1980లో మాసుజో ఫురుకావా అనే బొమ్మల రచయిత అందులో ఒక చిన్న గదిలో పాత మాంగా అంగడి పెట్టాడు. దాని పేరు మండరాకే. అది పెరిగి పెరిగి ఆ భవనంలోనే అనేక గదులకు విస్తరించింది. ఒక గదిలో పాత పుస్తకాలే. ఇంకో గదిలో ఆటబొమ్మలే. మరొక గదిలో సినిమా బొమ్మలు గీసిన అసలు పలకలే. ప్రతి పాత పుస్తకానికీ ప్లాస్టిక్ సంచి తొడిగి, "వెన్ను కొంచెం వదులు, 40వ పేజీ మూల మడత" అన్నట్టు లోపాలు చీటీ మీద రాసి అంటిస్తారు. సంతలో పశువును అమ్మేటప్పుడు సుడి దాచిపెట్టి అమ్మేవాళ్ళను చూసి పెరిగిన మా అన్నకు ఈ చీటీ మహా విచిత్రంగా తోచిందట!

మూడోది అకిహబారా. యుద్ధం ముగిశాక రైల్వే స్టేషను పక్కన రేడియో విడిభాగాలు అమ్ముకొనే చిల్లర అంగళ్ళుగా ఇది మొదలైంది. చెన్నైలో రిచీ స్ట్రీటు చూసినవారికి ఈ వాతావరణం సులభంగా అర్థమవుతుంది. రేడియోల తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్లు కొనడానికి వచ్చే కుర్రాళ్ళే ఆటలూ బొమ్మల కథలూ ఇష్టపడేవాళ్ళు కావటంతో 1990ల తర్వాత పేట రూపమే మారిపోయింది. రేడియో కైకాన్ అంటే రేడియో భవనం. 1962 నాటి పాత భవనాన్ని కూలగొట్టి 2014లో కొత్తది కట్టారు. పేరు మాత్రం రేడియోదే. లోపల అంతస్తులన్నీ బొమ్మలు, కార్డులు, పుస్తకాలు.

కొత్తగా పోయినవాడికి ఒక చిక్కు. మన దగ్గర అంగడి అంటే వీధి మీద ఉంటుంది. అక్కడ సన్నటి భవనాల్లో నాలుగో అంతస్తులోనో ఆరో అంతస్తులోనో ఉంటుంది. కింద లిఫ్టు పక్కన చిన్న పలక తప్ప ఆనవాలు ఉండదు. అందుకని తలెత్తి నడవాలి, పలకలు చదవాలి. పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలి. మన లెక్కన ఆఖరి పేజీ వాళ్ళకు మొదటి పేజీ. డబ్బు చేతికివ్వరు, చిన్న పళ్ళెంలో పెడతారు. పుస్తకం కొనకుండా నిలబడి చదవడానికి వాళ్ళ భాషలో ఒక ప్రత్యేకమైన మాటే ఉంది - తచియోమి. చాలా అంగళ్ళు ఇప్పుడు కొత్త పుస్తకాలకు పలచటి ప్లాస్టిక్ పొర చుట్టి దీన్ని ఆపుతున్నాయి. పాత పుస్తకాలమ్మే కొన్ని అంగళ్ళలో మాత్రం ఇంకా సాగుతున్నది. మా అన్న చూసిన టై కట్టుకున్న ఆఫీసర్లు ఈ బాపతు.

బల్ల మీది ఆటలు

ఇప్పుడు ఆటల అంగళ్ళలోకి వద్దాం. ఇవి మూడు తెగలు.

ఒకటి కార్డుల ఆట. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 'మ్యాజిక్' అనే ఆట కనిపెట్టాడు. ఇందులో పేకలాగా అందరికీ ఒకే కట్ట ఉండదు. ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకోవాలి. పొట్లంలో ఏ కార్డులు వస్తాయో ముందుగా తెలియదు. 1996లో జపానులో పోకెమాన్ కార్డులు వచ్చాక ఈ వ్యాపారం పెద్దదయింది. అంగడి గోడలనిండా అద్దాల బీరువాలు, వాటిలో ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క ధర. కొన్ని చిల్లరకే వస్తాయి. కొన్ని మన ఎద్దుల జత ధర పలుకుతాయి. ఒకే కాగితం, ఒకే సిరా, తేడా అంతా అరుదుదనంలోనే. ఇందులో జూదం వాసన లేకపోలేదని నా అభిప్రాయం. తల్లిదండ్రుల డబ్బు పొట్లాలు చించడానికి తగలేసే పిల్లలు ఏ దేశంలోనైనా ఉంటారు. విదేశంలో ఉన్నదల్లా మంచిదే అనుకోనక్కరలేదు.

రెండోది పాత్రల ఆట. 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి మూలం. ఒకరు కథకుడు, తక్కినవాళ్ళు పాత్రలు. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు?" అంటాడు కథకుడు. పాత్రధారి తోచింది చెబుతాడు. ఫలితం పాచిక తేలుస్తుంది. బుర్రకథలో కథకుడికి వంతలు తగిలించే ప్రశ్నలు గుర్తుకు తెచ్చుకుంటే ఈ ఆట స్వభావం మనకు పట్టుబడుతుంది. ముందుగా రాసిన కథ ఉండదు, అంతే తేడా.

మూడోది పటం ఆటలు. ఇందులో గొప్ప కృషి చేసినవాళ్ళు జర్మన్లు. 1979 నుంచి ఏటా ఒక మంచి ఆటకు అక్కడ బహుమతి ఇస్తున్నారు. 1983 నుంచి ఎస్సెన్ నగరంలో ఆటల తిరునాళ్ళ జరుగుతున్నది. 1995లో క్లౌస్ టాయ్బర్ అనే దంతాల పని చేసే సాంకేతికుడు కనిపెట్టిన 'కతాన్' ప్రపంచమంతా తిరిగింది. ఒక దీవిలో గొర్రెలు, ధాన్యం, ఇటుకలు, కట్టె, ఖనిజం పంచుకుంటూ, మార్చుకుంటూ ఊళ్ళు కట్టే ఆట అది. ఎవరినీ చంపేది లేదు, మధ్యలో ఎవరూ ఆటలోంచి పోరు. జర్మన్ల విషయంలో ఇంకొక ముఖ్యమైన సంగతి. 1988లో న్యూరెంబర్గ్ ఆటబొమ్మల సంతలో కొందరు ఆటల రచయితలు ఒకచోట చేరి, పెట్టె మీద రచయిత పేరు వేయని ప్రచురణకర్తకు తమ ఆట ఇవ్వబోమని గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద సంతకాలు చేశారు. పుస్తకానికి రచయిత ఉన్నట్టే ఆటకూ రచయిత ఉంటాడని లోకం ఒప్పుకోవడంలో ఆ అట్టముక్క పాత్ర తక్కువది కాదు.

జపాను వాళ్ళు దీన్ని ఇంకా చిన్నది చేసి చూపించారు. 2012లో సెయిజి కనాయ్ అనే ఆయన చేసిన 'లవ్ లెటర్' అనే ఆటలో ఉన్నవి పదహారు కార్డులే! టోక్యోలో 2000 సంవత్సరంలో మొదలైన ఆటల సంతలో అటువంటివి ఎన్నో అమ్ముడవుతాయి. ఆట చేసినవాడే బల్ల వేసుకొని కూర్చుని అమ్ముకుంటాడు. బొమ్మల కథలకు ఇటువంటి సంత ఇంకా పాతది. 1975 డిసెంబరులో ముప్పై పైచిలుకు బృందాలతో, సుమారు 700 మందితో మొదలై, ఇవాళ లక్షల మంది వచ్చేదిగా పెరిగింది. అందులో సొంత ఖర్చుతో ప్రతులు వేసుకొని వచ్చి అమ్ముకొనేవాళ్ళు ఎంతోమంది. మన ఈ వార్షిక సంచిక వంటి పత్రికలకు సంత పెట్టారనుకోండి, అది అటువంటిది.

ఈ ఆటల అంగళ్ళు చాలావాటిలో సగం జాగా సరుకుకు, సగం జాగా బల్లలకు. కొన్నచోటనే ఎవరితోనైనా కూర్చుని ఆడవచ్చు. గంటకింత అని పుచ్చుకొని ఆటలు ఆడనిచ్చే కాఫీ అంగళ్ళు కూడా ఉన్నాయి. అక్కడి సిబ్బంది పని కాఫీ పెట్టడమే గాదు, కొత్తవాళ్ళకు రూల్సు నేర్పడం. భాష రాని మా అన్న అక్కడ నలుగురితో కలిసి నవ్వుతూ రెండు గంటలు గడిపాడంటే ఆ బల్ల మహిమే.

వైకుంఠానికి రెండు మెట్లదారులు

టోక్యోలో ఒక ఆటల అంగడి పేరు సుగోరోకుయా. 2006లో ఆరంభమైంది. ఆ పేరుకు సుగోరోకు ఆట అమ్మే అంగడి అని అర్థం. సుగోరోకు ఒక పాత పటం ఆట. అందులో బౌద్ధుల పటం ఒకటుంది. పాచిక వేసి గడి గడి ఎక్కాలి. పాపం చేస్తే నరకంలో పడాలి. చివరి గడి బుద్ధుని పవిత్రలోకం. ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ సంక్రాంతి రాత్రి పరిచే వైకుంఠపాళి పటం కళ్ళముందు నిలిచింది. పరమపద సోపానమన్నా అదే. పాములు, నిచ్చెనలు, పైన వైకుంఠం. రెండు దేశాల ముసలమ్మలు పిల్లలకు పాపపుణ్యాలు నేర్పడానికి పాచికనే నమ్ముకున్నారు.

వైకుంఠపాళి ఇంగ్లండుకు పోయి 'స్నేక్స్ అండ్ ల్యాడర్స్' అయింది. పచ్చీసు పోయి పంతొమ్మిదో శతాబ్దం చివర 'లూడో' అయి అట్టపెట్టెలో తిరిగొచ్చింది. మన చతురంగం పడమటికి పోయి చెస్సు, తూర్పుకు పోయి జపానులో షోగి అయింది. షోగిలో చంపిన బంటును మన వైపు తిప్పుకొని మళ్ళీ బరిలో దించవచ్చు. అంటే ప్రపంచంలోని ఆటల అంగళ్ళలో మన సరుకు ఇప్పటికే చాలా ఉంది. పెట్టె మీద మన పేరు మాత్రం లేదు.

రూల్సు కాగితం ఏది?

ఈ సందర్భంలో మా అన్నకు జరిగిన సంగతి చెప్పుకోదగ్గది. ఒక ఆదివారం సాయంత్రం ఆటల కాఫీ అంగట్లో "మీ దేశం ఆట ఒకటి చెప్పండి" అన్నారట. అన్న కాగితం తీసి పులి మేక పటం గీశాడు. మూడు చొక్కా గుండీలు పులులు, కాఫీగింజలు మేకలు. ఆట మొదలైంది, అందరికీ నచ్చింది. అప్పుడు అంగడాయన ఫోనులోని అనువాదం సాయంతో మూడు ప్రశ్నలు వేశాడు. దీని రచయిత ఎవరు? రూల్సు కాగితం ఎక్కడ దొరుకుతుంది? మేకలు కచ్చితంగా ఎన్ని?

మొదటి దానికి జవాబు సులభమే - ఊరు. రెండోదానికి జవాబు లేదు. మూడోదానికి అన్న మా ఇంటికి ఫోను చేశాడు. అక్కడ రాత్రి ఎనిమిదయితే మనకు సాయంత్రం నాలుగున్నర. మా తాత అప్పుడే పశువులకు నీళ్ళు పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"తాతా, పులి మేకలో మేకలెన్ని?"

"పదైదు నాయనా. జపానుకు పోయింది ఇది అడిగేదానికా?"

పక్కనే ఉన్న మా మామ ఊరుకోలేదు. "మా ఊర్లో పద్దెనిమిది పెడతాము" అన్నాడు. "మీ ఊర్లో పులికి పండ్లు లేవులే, అందుకే!" అన్నాడు తాత. వాదన పొద్దుగూకే దాకా సాగింది. అక్కడ అంగడాయన కాగితం, పెన్ను పట్టుకొని కాచుకొని ఉన్నాడు.

ఈ మూడు మేకల తేడా చిన్నదేమీ గాదని నేను లెక్కవేసి చూశాను. మా పటంలో గీతలు కలిసే చోట్లు 23. అందులో మూడు పులులను 1,771 రకాలుగా నిలపవచ్చు. మిగిలిన 20 చోట్లలో 15 మేకలను 15,504 రకాలుగా నిలపవచ్చు. రెండూ గుణిస్తే 2,74,57,584. అంటే ఒక్క మేక కూడా చావకముందు ఏర్పడగల స్థితులే రెండు కోట్ల డెబ్భై నాలుగు లక్షలు దాటాయి. అదే పద్దెనిమిది మేకలయితే 20 చోట్లలో వాటిని 190 రకాలుగానే నిలపగలం. మొత్తం 3,36,490. మేకలు పెరిగినకొద్దీ ఖాళీలు తగ్గి, పులికి దూకే తావు లేకుండా పోతుంది. మేకలు మధ్యలో చస్తాయి కాబట్టి అసలు ఆట లెక్క దీనికంటే పెద్దది. కానీ మా తాత ఆట, మా మామ ఆట ఒకటి కాదనడానికి ఇది చాలు. ఇద్దరూ సరైనవాళ్ళే. అవి రెండు ఊళ్ళ ఆటలు. రెండూ రాసి పెట్టుకోదగ్గవే.

రాసుకోవడానికి వ్యవధి ఎంతుంది అన్నదే నన్ను కలవరపెట్టే విషయం. మా ఊళ్ళో రచ్చబండ మీద పులి మేక పటం చెక్కి ఉండేది. దాని అంచులు తరతరాల గులకరాళ్ళకు నున్నగా అరిగిపోయి ఉండేవి. ఆ బండ మీద ఇప్పుడు సిమెంటు పడింది, బస్సు షెల్టరు లేచింది. షెల్టరు కావాలని మేమే అర్జీ పెట్టుకున్నాం కనుక ఎవరినీ అనేదానికి లేదు. పాత గుడి మండపాల్లో నేల మీద ఇటువంటి పటాలు ఇంకా కనబడతాయి. కానీ పటం ఉన్నంత మాత్రాన ఆట ఉన్నట్టు కాదు. పులిని మూలకు తోసి కట్టేసే ఆఖరి ఎత్తులు మా ఊళ్ళో ఇప్పుడు మా తాతకు తప్ప వేరొకరికి బాగా రావు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన దగ్గర నేర్చుకోవలసిన కుర్రాళ్ళు షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన నిద్రపోతుంటాడు.

మన దగ్గర ఏముంది?

మన దగ్గర ఏమీ లేదని నేననడం లేదు. మద్రాసు మూర్ మార్కెట్టులో పాత బొమ్మల పుస్తకాల కోసం తిరిగిన తరం ఒకటుండేది. 1985లో అది కాలిపోయింది. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్సు 1990లో ఆగిపోయాయి. అమర్ చిత్ర కథలు 1967 నుంచి నడుస్తున్నాయి. మన తెలుగువాడు బుజ్జాయిగారు డుంబును సృష్టించి పిల్లలను నవ్వించారు. పొరుగున తమిళులు 1972లో శివకాశిలో ముత్తు కామిక్సు మొదలుపెట్టి, పెద్దవయసు పాఠకుల అభిమానంతో ఇప్పటికీ కొత్త పుస్తకాలు వేసుకుంటున్నారు. చెన్నైలోనే 'క్రీడా' అనే సంస్థ పాత ఆటలను రూల్సు కాగితంతో సహా పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నది. శ్రీసిటీ నుంచి చెన్నై అరవై కిలోమీటర్ల లోపే. కాబట్టి దూరం, డబ్బు లేక మనం వెనకబడ్డామని చెప్పుకోవడానికి వీలు లేదు.

టోక్యో అంగళ్ళలో మెచ్చుకోదగ్గవి నాకు మూడు కనబడ్డాయి. పాత పుస్తకానికి విలువ కట్టి, లోపం రాసి, దాన్ని మళ్ళీ పాఠకుడి చేతికి చేర్చడం ఒకటి. ఆటకు రూల్సు కాగితం, రచయిత పేరు ఉండటం రెండు. కొన్నా కొనకపోయినా కూర్చోవడానికి ఒక బల్ల ఉండటం మూడు. ఈ మూడింటికీ ఆరంతస్తుల భవనం అక్కర్లేదు. మన కాలేజీ యూనియన్ గదిలో మధ్యాహ్నం రెండు బల్లలు ఖాళీగానే ఉంటాయి.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మనవి ఒకటి. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ తాతనో అవ్వనో కూర్చోబెట్టి ఒక్క ఆట అడిగి రాసుకొని రండి. పులి మేక కావచ్చు, అష్టా చెమ్మా కావచ్చు, వామన గుంటలు కావచ్చు. పటం కొలతలతో గీయండి. కాయలెన్నో రాయండి. ముందెవరు ఆడాలి, మేకలన్నీ దించకముందే జరపవచ్చా, పులి ఒకేసారి రెండు మేకలు దూకవచ్చా, గవ్వలు ఎట్లా పడితే అష్టా, ఎట్లా పడితే చెమ్మా, ఆట ఎప్పుడు ముగిసినట్టు - ఇవన్నీ విడివిడిగా అడగండి. పక్క ఊరి పద్ధతి వేరైతే అదీ రాయండి. చెప్పినవారి పేరు, ఊరు తప్పక వేయండి. అటకల మీద చందమామలుంటే కట్ట కట్టి లైబ్రరీకి తెచ్చివ్వండి, చిరిగినవైనా ఫరవాలేదు. లెక్చరర్లు, పూర్వ విద్యార్థులు కూడా తమ చిన్ననాటి ఆటలు రాసి పంపితే వచ్చే ఏటి సంచికలో పది పేజీలు వాటికే కేటాయించమని సంపాదకవర్గాన్ని ముందుగానే కోరుతున్నాను.

పదిహేను మేకల పులి మేక మా తాత చెప్పినట్టు రాసేశాను. పద్దెనిమిది మేకలది మా మామను అడిగి రాయాల్సి ఉంది. రెండు కాగితాలూ జపాను భాషలోకి మార్పించి ఆ అంగడాయనకు పంపుతానని అన్న మాటిచ్చి వచ్చాడు.